మనిషి నడుముపై పడు బరువు: దానిని కొలుచు విధము

ఎద్దు ఎంత లాగగలదో, ఎంతసేపు లాగగలదో, ఎప్పుడు కాడి దింపవలెనో ప్రతి రైతునకు తెలియును. కాడి ఒరిసి మెడ పుండైన యెద్దును మరునాడు పనికి కట్టరు. ట్రాక్టరునకు గంటకు ఎంత నూనె పట్టునో, మోటారు ఎన్ని గుర్రముల బలము గలదో కూడ లెక్క వేసికొనియే కొనుచున్నాము. కాని అదే పొలములో ఉదయము నుండి నడుము వంచి నాటువేయు స్త్రీ వెన్నెముకపై ఎంత బరువు పడుచున్నదో లెక్క కట్టినవారు అరుదు. సేద్యపు పాఠ్యగ్రంథములలో నాగలికి అధ్యాయములుండును. దానిని పట్టిన మనిషికి ఒక పుటయైన దొరకుట కష్టము. ఇది సరికాదని నా అభిప్రాయము.

ఈ లెక్క వేయుటకు శాస్త్రమొకటి కలదు. ఎముకలను, కీళ్లను, కండరములను యంత్రభాగములవలె ఎంచి, వానిపై పడు బలములను కట్టుట దాని పని. ఇది వైద్యులకు సంబంధించినది, రైతులకెందుకు అని అనుకొనరాదు. చేతిలోని బరువు వేరు, నడుముపై పడు బరువు వేరు. ఈ ఒక్క సంగతి బాగుగా తెలిసినచో పనిముట్టు పిడి ఎంత పొడవుండవలెనో, ఎరువు బస్తా ఎచ్చట దింపించవలెనో మీరే నిర్ణయించుకొనగలరు.

ఏతము నేర్పు పాఠము

బోరుబావులు వచ్చిన పిమ్మట ఏతములు కనుమరుగైనవి గాని, పెద్దలకు వాని సంగతి జ్ఞాపకముండును. నిలువు రాటపై అడ్డముగా మాను ఉండును. దాని యొక కొన నుండి బాన నూతిలోనికి వ్రేలాడును. ఏతము త్రొక్కు మనిషి మానుపై నడచి రెండవ కొనవైపు పోవుకొలది నిండు బాన పైకి లేచును. ఆ మనిషి బరువు పెరుగలేదు. ఆనిక నుండి అతడున్న దూరము పెరిగినది. బరువును దూరముతో హెచ్చవేయగా వచ్చునదే ఆ వైపు లాగుడు. గడ్డపారతో బండను పెకలించునప్పుడు చివర పట్టుకొనుటకు కారణము కూడ ఇదియే.

మన దేహములో ప్రతి కీలు ఒక ఏతమే. అయితే ప్రకృతి దానిని తిరుగవేసి కట్టినది. మోచేతిని వంచు కండరము కీలునకు సుమారు 5 సెంటీమీటర్ల దూరములోనే ముంజేతి ఎముకకు అతుకుకొనియున్నది. చేతిలోని వస్తువో, 35 సెంటీమీటర్ల దూరమున నుండును. కాబట్టి 5 కిలోల బిందెను ముంజేయి అడ్డముగా చాచి పట్టుకొనుటకు ఆ కండరము 35 కిలోల బలముతో లాగవలెను. 5ను 35తో హెచ్చవేసి 5తో భాగించి చూడుడు. ముంజేతి బరువు దీనికి అదనము.

ఈ సంగతిని మొదట విపులముగా లెక్క కట్టినవాడు ఇటలీ దేశస్థుడగు బొరెల్లి (1608–1679). ఆయన మరణించిన పిమ్మట 1680, 1681 సంవత్సరములలో అచ్చయిన జంతుచలనమును గూర్చిన గ్రంథములో, మనిషి ఎత్తు బరువు కంటె అతని కండరము పడు శ్రమ అనేక రెట్లు అధికమని చూపెను. అంతకు పూర్వము పండితులు, కండరము కొద్దిపాటి బలముతోనే పెద్ద బరువును కదల్చునని తలచుచుండిరి. మరి ఇంత నష్టపు బేరము ప్రకృతి ఎందుకు చేసినది? కండరము అంగుళము ముడుచుకొన్నంతలో చేయి ఏడంగుళముల దూరము పోవును. విత్తనము వెదజల్లుటకు, వడిసెల త్రిప్పుటకు, కొడవలి ఆడించుటకు కావలసినది ఆ వేగమే. బలమును ఇచ్చి వేగమును కొన్నామన్నమాట.

వంగినప్పుడు నడుము సంగతి

ఇక నడుమునకు వత్తము. వెన్నెముక అడుగుభాగమున, తుంటి యెముకపై ఆనియున్న పూస మన ఏతమునకు ఆనిక. వెన్నువెంబడి నున్న కండరములు ఆ ఆనికకు వెనుకగా ఇంచుమించు 5 సెంటీమీటర్ల దూరమున లాగును. ముందువైపున తల, చేతులు, మొండెము బరువుండును. 60 కిలోల మనిషిలో ఈ పై భాగము సగము, అనగా 30 కిలోలని తీసికొందము. నేలకు సమాంతరముగా వంగినప్పుడు దాని బరువు కేంద్రము ఆనికకు సుమారు 25 సెంటీమీటర్లు ముందుండును.

ముప్పదిని ఇరువదియైదుతో హెచ్చవేసిన 750. దానిని 5తో భాగించిన 150. అనగా చేతిలో గడ్డిపోచైన లేకుండ, ఊరక వంగి నిలుచుటకు నడుము కండరములు 150 కిలోల బలముతో లాగవలసియున్నది. ఆ లాగుడంతయు పూసను, పూసల నడుమ గల మెత్తటి బిళ్ళలను నొక్కును. ఆ బిళ్ళలనే వైద్యులు డిస్కులందురు.

ఇప్పుడు అదే మనిషి అట్లే వంగి, 40 సెంటీమీటర్లు ముందున్న 20 కిలోల ఎరువు తట్టను ఎత్తెననుకొనుడు. మరి 800 చేరి మొత్తము 1550 అగును. అయిదుతో భాగించిన 310 కిలోలు. చేతిలోనిది ఇరువది, నడుముపై పడినది మూడువందల పది! మోకాళ్ళు వంచి, తట్టను ఒడిలోనికి లాగికొని ఎత్తినచో మొండెము ఇంత ముందుకు వాలదు, తట్టయు దగ్గరగా నుండును. బరువు ఇంచుమించు సగమునకు దిగును. ఇవి మోటు లెక్కలు. పొట్టలోని ఒత్తిడి, ఎత్తు వేగము మున్నగునవి ఇందులో చేర్చలేదు. గభాలున ఎత్తినప్పుడు ఇంకను హెచ్చగును. అయినను బరువు కంటె దూరమే ప్రమాదకరమైనదని గ్రహించుటకు ఈ మాత్రము చాలును.

ఈ అంకెలు ఎట్లు దొరకినవి?

బ్రదికియున్న మనిషి మొండెమును విడదీసి తూచుటకు వీలులేదు గదా! జర్మనీలో లీప్‌జిగ్ నగరమున బ్రౌనె, ఫిషర్ అను నిరువురు గడ్డకట్టించిన శవముల భాగములను వేరుచేసి తూచి, ఏ భాగపు బరువు కేంద్రము ఎచ్చట నున్నదో 1889లో ప్రకటించిరి. తరువాత వారే నడక మొత్తమును లెక్కలలో కట్టిరి.

కదలికను పట్టుటకు ఛాయాచిత్రము తోడ్పడినది. 1878లో అమెరికాలో మైబ్రిడ్జి వరుసగా కెమెరాలు నిలిపి, పరుగెత్తు గుర్రపు నాలుగు కాళ్ళును ఒక క్షణమున నేలను విడుచునని చూపెను. ఫ్రాన్సులో మారే అను వైద్యుడు మనుష్యులకు నల్లని దుస్తులు తొడిగించి, చేతులవెంట, కాళ్లవెంట తెల్లని గీతలు కుట్టించి, నడచునప్పుడు ఒకే పలకపై పలుమార్లు చిత్రము తీసెను. చిత్రములో మనిషి కనబడడు. గీతలు మాత్రము విసనకర్రవలె పరచుకొని కనబడును. నేటి ప్రయోగశాలలలో జరుగునది దీనికి తరువాయియే. కీళ్లపై చిన్న మెరుపు గుండ్లు అంటించి చుట్టును కెమెరాలతో పట్టుదురు. నేలలో నమర్చిన పలక పాదము ఎంత బలముతో ఏ దిక్కునకు నొక్కినదో చెప్పును. చర్మముపై అంటించిన బిళ్ళలు కండరములో పుట్టు సన్నని విద్యుత్తును వినును. వీనినన్నిటిని కంప్యూటరునకు ఇచ్చినచో ఎముకలు, కండరములు గల ఒక బొమ్మ మనిషి తెరపై కదలుచు, ఏ కండరము ఎంత లాగుచున్నదో లెక్క చెప్పును. దీనినే నమూనా యందురు. ఇట్లు లెక్క కట్టు ఓపెన్‌సిమ్ అను ఏర్పాటును అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు 2007లో అందరికిని ఉచితముగా విడుదల చేసిరి.

నమూనా చెప్పినది నిజమా కాదా అని తెలియవలెనన్న దేహములోనే కొలిచి చూడవలెను. ఆ పని స్వీడన్ దేశపు వైద్యుడు నాకెమ్సన్ చేసెను. 1960 తరువాతి సంవత్సరములలో ఆయన మనుష్యుల నడుము డిస్కులోనికి సన్నని సూదిని దింపి ఒత్తిడిని కొలిచెను. నిటారుగా నిలిచినప్పటి ఒత్తిడిని 100గా ఎంచినచో, వెల్లకిల పడుకొన్నప్పుడు 25, ముందుకు వంగినప్పుడు 150, చేత బరువుతో వంగినప్పుడు 220 అని ఆయన ప్రకటించెను. ఏతపు లెక్క చూపిన దారి సరియైనదేనని తేలినది.

కండరము పని మానుకొను వేళ

ఇచ్చట నాటువేయువారు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయము ఒకటి యున్నది. ఇది పుస్తకములో మొదట చూచినప్పుడు నాకు వింతగా తోచినది. 1955లో ఫ్లాయిడ్, సిల్వర్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు వెన్ను కండరముల విద్యుత్తును కొలిచి, మనిషి కొంతవరకు వంగినప్పుడు కండరములు గట్టిగా పనిచేయుననియు, పూర్తిగా వంగిపోయినప్పుడు అవి ఒక్కసారిగా ఊరకుండుననియు వివరించిరి. అప్పుడు మొండెమును పట్టియుంచునది కండరము కాదు. పూసలను కట్టియుంచు నరకట్టులు. లాగిన మోకు క్రమక్రమముగా సాగినట్లు ఆ కట్టులు కూడ సాగును.

పూర్తిగా వంగి నాటువేయువారు తొలి గంటలలో "నడుము నొప్పి తెలియుట లేదు" అనుటకు ఇది కొంత కారణము కావచ్చును. తెలియకపోవుటలోనే చిక్కున్నది. సాగిన కట్టులు వెంటనే యథాస్థితికి రావు. కొంత సమయము పట్టును. ఆ లోపల వెన్నెముక వదులుగా నుండును. సరిగా ఆ సమయముననే, మడి ముగిసెను గదా అని గట్టెక్కి, నీరోడు నారుకట్టల గంపనో, ఎరువు సంచినో ఎత్తుట మన వాడుక. వంగి లేచిన వెంటనే బరువెత్తరాదు. నిటారుగా నిలిచి, చేతులు నడుముపై నుంచి కొంచెము వెనుకకు వాలి, నాలుగడుగులు నడచి, ఐదు పది నిమిషములైన గడచిన పిమ్మట ఎత్తవలెను. నారు మోయు పనికి వేరొక మనిషిని పెట్టుట అంతకంటె మేలు. నాట్ల మధ్య నడుమెత్తి నిలిచినవారిని "పని దొంగలు" అని మేస్త్రీలు గద్దించుట నేను పలు గ్రామములలో చూచితిని. నడుమెత్తుట దొంగతనము కాదు.

పొట్టి పిడి కథ

ఈ మాట న్యాయస్థానమువరకు పోయిన దేశమొకటి కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో లెట్యూసు ఆకుకూర, చక్కెరబీటు పొలములలో మొక్కలు పలుచన చేయుటకు పొట్టి పిడి పార వాడుచుండిరి. మూరెడు పిడి, పనివారు, అందు అధికులు మెక్సికో దేశస్థులు, రోజంతయు రెండుగా మడిగి పని చేయవలసివచ్చెడిది. వారు దానిని "ఎల్ కోర్టీటో", అనగా పొట్టిది, అనిరి. పొడుగు పిడి ఇచ్చినచో మొక్క చెడునని, పని నాణ్యముగా నుండదని భూస్వాముల వాదము. పొట్టి పిడియైనచో ఎవరు నడుమెత్తి నిలిచిరో మేస్త్రీకి దూరమునుండియే కనబడును; ఆ సౌకర్యము కూడ ఉన్నదని పనివారు చెప్పిరి. వైద్యులు ఆ పనివారి వెన్నెముకలు చెడుచున్న విధమును సాక్ష్యముగా చెప్పిరి. 1975లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము తీర్పు పనివారికి అనుకూలముగా వచ్చి, ఆ సంవత్సరమే పొట్టి పార నిషేధింపబడినది. పొడుగు పిడితో పని సాగినది. లెట్యూసు సేద్యము ఆగిపోలేదు.

మన వరినాటులో పిడి పొడిగించుటకు పిడియే లేదు. కాని కలుపులో ఉన్నది. సాలు నాటు వేసి, సాలుకు సాలుకు 25 సెంటీమీటర్లు వదలినచో కోనోవీడరును నిలువుగా నడచుచు త్రోయవచ్చును. సాళ్ళు లేని మడిలో అది నడువదు. సాలు నాటు దిగుబడి కొరకు మాత్రమే చెప్పబడుచున్నదని అనుకొనుచున్నారు; నడుము కొరకు కూడ అది చెప్పదగినదే. డ్రమ్ సీడరుతో విత్తుటకు అనువగు చోట్ల వంగి నాటు పనియే తప్పును. అయితే కలుపు బెడద హెచ్చగును, దానికి ముందే సిద్ధపడవలెను.

బస్తా ఎచ్చట దింపవలెను?

అమెరికా ప్రభుత్వపు వృత్తి ఆరోగ్య సంస్థ వారు 1981లో ఒక హద్దు నిర్ణయించిరి. డిస్కుపై 3400 న్యూటన్లు, అనగా సుమారు 350 కిలోలు, మించిన నొక్కుడు పడు పని కొందరికి హాని చేయునని వారి నిర్ణయము. పైన మనము లెక్కించిన ఎరువు తట్ట దానికి ఎంత దగ్గరగా నున్నదో చూడుడు. తరువాత 1991లో సవరించిన వారి సూత్రము ప్రకారము, అన్నియు అనుకూలముగా నున్నప్పుడు, రెండు చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలు. వస్తువు మడమల నడిమి నుండి 25 సెంటీమీటర్ల దూరమున, 75 సెంటీమీటర్ల ఎత్తున నుండుట అనుకూలము. దూరము 50 అయినచో హద్దు సగమగును. నేలపై నున్న వస్తువునకు నాలుగవ వంతు వరకు తగ్గును.

ఇప్పుడు యూరియా బస్తాను తీసికొందము. 2018లో దానిని 50 కిలోల నుండి 45 కిలోలకు తగ్గించిరి. అది ఎరువు వాడకము తగ్గుటకై చేసినది గాని మోయువాని నడుము తలచి చేసినది కాదు, అయినను మేలే. ఆ బస్తా నేలపై, 40 సెంటీమీటర్ల దూరమున నున్నప్పుడు పై సూత్రము ప్రకారము ఒక మనిషి ఎత్తదగినది 11 కిలోలు మాత్రమే. అంటే బస్తా హద్దునకు నాలుగు రెట్లు. అదే బస్తాను బండి నుండి నేలపై పడవేయించక ఇంటి అరుగుపైకి దింపించినచో, ఎత్తు 75 సెంటీమీటర్లకు దగ్గర. మనిషి ఆనుకొని నిలువగలడు. ఇరువురు పట్టినచో ఒక్కొక్కరికి 22.5 కిలోలు, హద్దునకు ఇంచుమించు సమానము. కూలి పెరుగలేదు, ఖర్చు లేదు; దింపిన చోటు మారినది. కోస్తా జిల్లాలలో వడ్ల బస్తా అనగా 75 కిలోలు. దానిని ఒక్కడు వీపున వేసికొనుట మగతనముగా చెప్పుకొందురు. అట్టివారు నలుబదియేండ్లు దాటిన పిమ్మట ఎట్లు నడచుచున్నారో కూడ చూడవలెను.

ఈ సూత్రము అమెరికా పనివారికై, నున్నని నేల, మితమైన వేడి గల చోట్లకై కట్టినదని మరువరాదు. జారు గట్టు, ఎండ, మన పొట్టి సన్నని దేహములు దానిలో లేవు. మన వ్యవసాయ కార్మికుల దేహపు కొలతలను, బలమును సేకరించి పనిముట్లు రూపొందించు పని భోపాలులోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ వారు చేయుచున్నారు. పరాయి కొలతలతో చేసిన పిడి మన చేతికి కుదురదు.

తలమోత

మోతలలో తలమోత విచిత్రమైనది. తూర్పు ఆఫ్రికా స్త్రీలు తమ దేహపు బరువులో ఐదవ వంతు వరకు తలపై మోయుచు నడచినను, ఊరక నడచినప్పటి కంటె అధికముగా ప్రాణవాయువు ఖర్చు కాలేదని 1986లో ప్రకటింపబడినది. నడకలో దేహము గడియారపు లోలకమువలె లేచి పడుచుండును; వారు ఆ ఊపును బాగుగా వాడుకొందురని వివరణ. తరువాత దక్షిణాఫ్రికాలో కొలువగా ఈ ఆదా అందరిలోను కనబడలేదు. చుట్టకుదురు పెట్టి బిందెలు మోయు మన స్త్రీల నడక తీరు కూడ చూడ ముచ్చటగా నుండును. కాని ఆదా అయినది ఊపిరి మాత్రమే. మెడ పూసలపై పడు బరువు ఎచ్చటికిని పోదు.

నాడి చూచి శ్రమ తెలిసికొనుట

ఊపిరి లెక్క ఎట్లు వేయుదురన, మనిషి విడుచు గాలిని సంచిలో పట్టి, ఎంత ప్రాణవాయువు ఖర్చయినదో చూతురు. ఒక లీటరు ఖర్చయినచో సుమారు 5 కిలోకాలరీల శక్తి వెచ్చమైనట్లు. అందులో మంచి పనిలో కూడ నాలుగవ వంతు మించి పనిగా మారదు, తక్కినది వేడియగును. ఆ వేడి చెమటగా పోవలెను. ఎండలో గుండె రెండు పనులు చేయవలెను: కండరమునకు నెత్తురు పంపుట, వేడిని బయటకు తోలుటకు చర్మమునకు పంపుట. కనుక మన ప్రాంతములలో శ్రమను తెలుపుటకు నాడి మంచి కొలబద్ద. దానికి యంత్రము అక్కరలేదు, చేతి గడియారము చాలును.

పని ఆపిన వెంటనే కూర్చుండి గడియారము చూడుడు. మొదటి అర నిమిషము విడిచి, రెండవ అర నిమిషములో మణికట్టు నాడి ఎన్నిసార్లు కొట్టుకొనెనో లెక్కించి రెట్టింపు చేయుడు. మరల మూడవ నిమిషపు రెండవ సగములో అట్లే లెక్కింపుడు. మొదటి లెక్క 110 లోపల నుండి, రెండవది దానికంటె కనీసము 10 తగ్గియున్నచో ఆ పని ఆ మనిషికి తాళదగినది. మొదటిది 110 దాటి, మూడవ నిమిషమునకు కూడ దిగకున్నచో పని, ఎండ రెండును కలిసి ఓపికను మించినవి. అట్టివారిని నీడలో కూర్చుండబెట్టి నీరు, మజ్జిగ ఇచ్చి, నాడి దిగువరకు మరల మడిలోనికి దింపరాదు. మరునాడు పని ప్రొద్దున ఒక గంట ముందుగా మొదలుపెట్టి, మధ్యాహ్నపు విరామమును పొడిగింపవలెను. మీ పొలములో నాటు రోజున ఇద్దరు ముగ్గురికైన ఇట్లు చూచి, అంకెలను గడియలతో సహా వ్రాసి ఉంచుకొనుడు.